పట్టాల పక్కన క్వార్టర్

మా ఆయనది రైల్వేలో పట్టాలు చూసే పని. పెళ్ళయిన కొత్తలో నన్ను గద్వాల పక్కన మా ఊరు గట్టు నుంచి తీసుకెళ్ళి సముద్రం ఒడ్డున, ఓడరేవుకు పోయే లైను పక్క క్వార్టర్‌లో కాపురం పెట్టాడు. రోజూ సముద్రం చూడొచ్చని సంబరపడ్డాను. చూసింది బొగ్గు బండ్లను. ఓడల్లో దిగిన బొగ్గంతా మా గుమ్మం ముందు నుంచే పోయేది. ఒక బండి దాటాక ఊపిరి పీల్చుకుందామంటే లోపలికి పోయేదీ బొగ్గే.

పక్కింట్లో ఎండుచేపలమ్మే పెద్దావిడ ఉండేది. అక్కడ బతకడం ఆమే నేర్పింది. పొద్దున గాలి సముద్రం వైపు వీస్తుంది, దుమ్మూ అటే పోతుంది. ఎండ ముదిరాక గాలి మళ్ళి మన మీదికి తెస్తుంది. చేపలైనా చీరలైనా ఆలోపే ఎండాలి. "గాలి మళ్ళింది, తీసెయ్ అమ్మాయ్" అని ఆమె కేకేస్తే వాడంతా చేతిలో పని వదిలి దండేల దగ్గరికి పరుగెత్తేది. ఏళ్ళ తరబడి పరుగెత్తాం. దుమ్ము మాత్రం ఎప్పుడూ మాకంటే ముందే ఉండేది.

మా అమ్మ పంపే జొన్నపిండితో రొట్టె చేస్తే, కంచంలోకి వచ్చేలోపే నల్లచుక్కలు పడేవి. మా వైపు పండక్కి నల్లనువ్వులద్దిన రొట్టెలు చేస్తారని మా పాపకు చెప్పి ఊరించేదాన్ని. ఒకరోజు ఆ చుక్కలు చూసి "నువ్వులేసినవా అమ్మా" అని మురిసిపోయింది. బొగ్గు, దులుపుకొని తిను అన్నాను. అప్పటి నుంచి దులుపుకొనే తినేది.

ఆ ఏడు పాపకు దగ్గు పట్టుకుంది. నిద్రలో కూడా పిల్లిపిల్లలాగా గొంతు కీచుమనేది. ఊరు మారిస్తే తప్ప మందులతో తగ్గదని దవాఖానలో చెప్పారు. మా ఆయన బదిలీకి అర్జీ పెట్టాడు. అడిగినప్పుడల్లా ఆఫీసులో చూద్దామనేవారు. వాళ్ళు చూసేలోపు పిల్ల ఏమైపోతుందోనని భయపడేదాన్ని. కొన్నాళ్ళకు భయపడే ఓపిక కూడా పోయింది. ఫోన్‌లో అమ్మ మాత్రం, "పిల్లను తోలుకొని ఈడికి రా బిడ్డా, నౌకరి సంగతి తర్వాత చూస్తం" అని ఏడ్చేది.

చివరికి గద్వాలకు బదిలీ అయింది. ఇక్కడి క్వార్టరూ పట్టాల పక్కనే. బొగ్గు బండ్లు ఇటూ వస్తాయి, కాకపోతే తక్కువ. పాప రాత్రిళ్ళు కాస్త నిద్రపోతోంది. అదే చాలనుకున్నాను.

మనవరాలు వచ్చిందని అమ్మ నువ్వుల రొట్టెలు చేసి తెచ్చింది. పాప రొట్టె చేతిలోకి తీసుకుంది. అలవాటుగా అరచేత్తో గట్టిగా దులపడం మొదలుపెట్టింది. నువ్వులు రాలలేదు. గోటితో గీకింది.

"గవి నువ్వులు బిడ్డా, బొగ్గు గాదు. తిను" అంది అమ్మ.

పాప నా ముఖం చూసింది. నేను ఆ రొట్టె తీసుకుని, ఒక గింజ ఊడదీసి, వేళ్ళ మధ్య నలిపి చూశాను.