ఇద్దరికీ ఒక్క తాళం

అట్టపెట్టెల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తాళం మేస్త్రీ అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు, ఆయనా పలుకుతాడు. ఏ మెషీను రిపేరుకు ఎవరు దిగినా ముందు వెళ్లి స్విచ్చి బోర్డు చూసి వస్తాడు. లోపల ఎంతమంది ఉంటే బోర్డుకి అన్ని తాళాలు వేలాడాలి. ఎవరి తాళంచెవి వాళ్ల జేబులోనే ఉండాలి. ఆఖరి తాళం తీసేదాకా స్విచ్చి పడదు. రూలు ఇంతే, పసిపిల్లలకైనా అర్థమవుతుంది. అయినా ఎవరో ఒకరు మర్చిపోతారు. మర్చిపోయినవాణ్ణి మేస్త్రీ ఏడు తరాలకు గుర్తుండేలా తిడతాడు. ఆయన అన్నం డబ్బాకి కూడా తాళం వేసుకుని తింటాడని కుర్రాళ్ల వేళాకోళం.

ఆయనకు యాభై ఏడేళ్లు. ప్యాంటు కుడి తొడ మీద ఒకచోట అరిగి మెరుస్తుంటుంది. బోర్డు నుంచి తన తాళం తీయగానే దాన్ని తొడకేసి రెండుసార్లు కొడితే గానీ జేబులో వేసుకోడు. ఎందుకయ్యా అంటే ఏమో అంటాడు. పనిలో చేరిననాటి నుంచీ ఉన్న అలవాటు.

పదిన్నరకు క్యాంటీన్ నుంచి టీ వస్తుంది. తెచ్చేది చెల్లెమ్మ. అందరి టీ ఒక కెటిల్లో వస్తే మేస్త్రీ టీ మాత్రం విడిగా, ఒకే చెంచా పంచదారతో, మూతపెట్టిన గ్లాసులో వస్తుంది. ఆమె ఎప్పుడూ ఎంత వెయ్యాలని అడగలేదు, ఆయనా చెప్పలేదు. తోబుట్టువుకి చేసినట్టే చేస్తుంది. ఆమె మొగుడూ మేస్త్రీ ఏ చుట్టరికమూ లేకుండానే ఒకరినొకరు బావా అని పిలుచుకునేవాళ్లు. ఆ లెక్కన ఈమెకి అన్నయ్య అయ్యాడు.

ఆ బావ పోయి పందొమ్మిదేళ్లు. పాత కాగితాన్ని నీళ్లలో వేసి గుజ్జు చేసే పెద్ద తొట్టి ఒకటుంది, దాని అడుగున తిరిగే కత్తి ఉంటుంది. కత్తికి చుట్టుకున్న తీగలు తీయడానికి బావ తొట్టిలోకి దిగాడు. మేస్త్రీ తొట్టి కింద పడుకుని బెల్టు బిగిస్తున్నాడు. స్విచ్చి దానంతట అదే పడింది. రిపోర్టులో ఉన్నది ఇంతవరకే. అప్పటి మేనేజరు అలా రాసి, ఆ పాత బోర్డు ఊడబెరికించి ఇనుప సామాన్ల వాడికి ఇచ్చేశాడు. కింద మేస్త్రీ సాక్షి సంతకం పెట్టాడు. చెల్లెమ్మకు క్యాంటీన్లో ఉద్యోగం వచ్చింది.

అసలు సంగతి ఏమిటో బతికున్నవాళ్లలో మేస్త్రీ ఒక్కడికే తెలుసు. నిజం రాస్తే తప్పు బావ నెత్తిన పడి ఆమెకు ఉద్యోగం రాదని, అందుకే నోరు నొక్కుకున్నానని తనకు తాను చెప్పుకున్నాడు. అది అబద్ధమేమీ కాదు. కాకపోతే మిగతా సగం చెప్పుకోలేదు, అంతే.

ఇలా ఉండగా కిందటేడు యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధన అమ్మాయి వచ్చింది. కొత్తవాళ్లకు వర్చువల్ రియాలిటీతో పని నేర్పిస్తారట. మనుషులు యంత్రాలతో ఎలా మసలుకుంటారో, ఎక్కడ చూస్తారో, ఎప్పుడు భయపడతారో కొలవడం ఆమె చదువట. పాత స్టోరురూము ఖాళీ చేయించి నేల మీద మెత్తటి చాప పరిపించింది. కళ్లను మూసేసే పెద్ద నల్ల జోడు తలకు తగిలిస్తే ఎదురుగా ఫ్యాక్టరీయే కనిపిస్తుంది. మనవాళ్లు దానికి గంతలు అని పేరు పెట్టారు, ఆ గది గంతల గది అయింది.

అమ్మాయి మంచిదే. కనీసం మాట మంచిది. వచ్చిన రెండో రోజుకే మేస్త్రీని బాబాయ్ అంది. వైర్లున్న గ్లోవ్సు తొడిగించి, తాళం వేయడం, తీయడం, బోల్టు బిగించడం అన్నీ చేయించి ఆయన చేతుల కదలికను కంప్యూటర్లోకి పట్టుకుంది. తన చేతులకింత విలువుందని మేస్త్రీకి అప్పుడే తెలిసింది. ఇంటికెళ్లి భార్యకు చెప్పుకుంటే, "ఆ చేతుల్తో ఆ కుళాయి ఒకటి బాగుచెయ్యి" అందామె.

ఒకరోజు అమ్మాయి దిగాలుగా కూర్చుంది. "ఎవరికీ భయం లేదు బాబాయ్. తాళం మర్చిపోయి కూడా నవ్వుతున్నారు. ఆట అనుకుంటున్నారు."

ఆ మాట మేస్త్రీకి ఎక్కడో తగిలింది. రేపు వీళ్లలో ఒకడు నిజం తొట్టిలోకీ నవ్వుతూ దిగుతాడనిపించింది. గంతలు నెత్తి మీదకు తోసుకుని, గ్లోవ్సు చేతులకు ఉండగానే, "నీకొకటి చెప్తానమ్మా. ఎక్కడా రాయకూడదు" అన్నాడు.

అమ్మాయి బల్ల మీదున్న రికార్డర్ ఆపేసి చూపించింది. "ఇది మన మధ్యే బాబాయ్."

అప్పుడు చెప్పాడు, పందొమ్మిదేళ్లలో మొదటిసారి. బావ తన తాళం లాకరులో మర్చిపోయి వచ్చాడు. ఎడమ మణికట్టుకి ఎప్పటిలాగే రుమాలు చుట్టుకుంటూ, "మళ్లీ అంత దూరం ఎవడు నడుస్తాడు? నీది ఉందిగా, మనిద్దరికీ అదే చాలు" అన్నాడు. మేస్త్రీ సరే అన్నాడు. టీ గంట కొట్టారు. బెల్టు పని అయిపోయింది. బావ తనకంటే ముందే టీకి పోయి ఉంటాడనుకున్నాడు, తొట్టిలోకి తొంగి చూడలేదు. తన తాళం తీసుకుని వెళ్లిపోయాడు. బోర్డు ఖాళీగా ఉండటం చూసి మెషీనువాడు బటన్ నొక్కాడు. చెబుతున్నంతసేపూ మేస్త్రీ చేతులు వాటంతట అవే చేసి చూపించాయి. చెవి తిప్పాయి, తాళం లాగాయి. ఆ తర్వాత ఆయన చాలాసేపు ఏడ్చాడు. అమ్మాయి కూడా కళ్లు తుడుచుకుంది.

రెండు నెలలకు కొత్త పాఠం తయారైంది. ఫ్యాక్టరీలో ముందుగా బాబాయే చూడాలని అమ్మాయి ముచ్చటపడింది. మేస్త్రీ గంతలు పెట్టుకున్నాడు. ఇందులో మనం చేసేదేమీ ఉండదు, ఒక మనిషిలో దూరి కూర్చుని అతని కళ్లతో చూస్తాం, అతని చేతులు మనవైనట్టే కదులుతాయి. ఎదురుగా తొట్టి. మణికట్టుకి రుమాలు చుట్టుకుంటున్న ఒకడు. "నీది ఉందిగా, మనిద్దరికీ అదే చాలు." టీ గంట. చేతులు తాళం తీశాయి, దాన్ని తొడకేసి రెండుసార్లు కొట్టాయి. వెనక మెషీను మొదలైన చప్పుడు వినిపించి అంతా చీకటైపోయింది.

మేస్త్రీ గంతలు తీసేసరికి చొక్కా తడిసి వీపుకి అతుక్కుపోయింది.

"రికార్డర్ ఆపేశానన్నావు కదమ్మా."

"ఆపాను బాబాయ్, బల్ల మీదది. గంతలు మాటని, గ్లోవ్సు కదలికని ఒంటి మీద ఉన్నంతసేపూ రాసుకుంటూనే ఉంటాయి. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఉంది, నాలుగో పేజీలో."

"మన మధ్యే అన్నావు."

అమ్మాయి గోళ్లు చూసుకుంది. "పేరు లేదు, మొహం లేదు. ఎవరో ఎవరికీ తెలీదు. ముందు పాఠంలో వందకి ముప్పైమంది తాళం మర్చిపోయేవాళ్లు. మా యూనివర్సిటీలో కొందరికి ఇది చూపిస్తే వందకి ఇద్దరే మర్చిపోయారు. మీరు కోరుకున్నది అదేగా బాబాయ్?"

ఆ మాట నిజమే. అదే ఆయన్ని మరీ మండించింది. బాబాయ్ అని పిలిచి, పక్కన కూర్చుని కళ్లు తుడుచుకుని, నమ్మించి గొంతు కోసింది. కోసిన కత్తి మంచిపనికే వాడానని లెక్క చూపిస్తోంది. ఇలాంటివాళ్లతో పోట్లాడటం ఎవరి తరం?

ఆ పాఠం ఫ్యాక్టరీలో అందరూ చూడాలని ఆర్డరు వచ్చింది. క్యాంటీన్ వాళ్ల వంతు గురువారం. వాళ్లని వదిలెయ్యమ్మా, వాళ్లకి మెషీన్లతో ఏం పని అని మేస్త్రీ బతిమాలాడు. పైనుంచి వచ్చింది, నా చేతిలో లేదంది అమ్మాయి.

ఇక మిగిలింది ఒకటే దారి. మెషీను చెప్పేలోపు తనే చెల్లెమ్మకు చెప్పాలి. సోమవారం టీ తెచ్చినప్పుడు చెబుదామనుకున్నాడు, పక్కన కుర్రాళ్లున్నారు. మంగళవారం ఎవరూ లేరు. "ఏంటన్నయ్యా, ఒంట్లో బాగాలేదా?" అని ఆమే అడిగింది. తలనొప్పి అన్నాడు. ఆమె వెళ్లి మాత్ర తెచ్చిచ్చింది. మేస్త్రీ ఆ మాత్ర మింగాడు, మాట కూడా మింగాడు.

బుధవారం పని దిగాక ఆమె ఇంటికే వెళ్లాడు. తలుపుకి తాళం వేసి ఉంది. ఆ తాళం కంపెనీదే, ఎర్ర రంగు సగం పోయిన బావ తాళం. బావ లాకరు ఖాళీ చేసినప్పుడు చొక్కా, చెప్పులతో పాటు మేస్త్రీయే సంచిలో పెట్టి తెచ్చిచ్చాడు. అప్పటి నుంచీ ఆ తలుపుకి అదే తాళం. కాసేపు ఆగితే ఆమె వచ్చేదే. మేస్త్రీ ఆగలేదు. ఇంట్లో లేనందుకు మనసులో హమ్మయ్య అనుకుని, రేపు పొద్దున్నే చెబుతానని తిరిగొచ్చేశాడు. పందొమ్మిదేళ్లు వాయిదా వేసినవాడికి ఇంకో పూట ఒక లెక్కా?

గురువారం పొద్దున్నే క్యాంటీన్ వాళ్లను పిలిచారు. చూసేవాళ్లు తూలి పడకుండా పక్కన నిలబడటం మేస్త్రీ డ్యూటీ. చెల్లెమ్మ నవ్వుతూ వచ్చింది. "పట్టుకో అన్నయ్యా, నాకు కళ్లు తిరుగుతాయి" అంది. "అమ్మా, ఒక్క మాట" అని మేస్త్రీ నోరు తెరిచేలోపే అమ్మాయి ఆమెకు గంతలు తగిలించేసింది.

మేస్త్రీ ఆమె మోచెయ్యి పట్టుకుని నిలబడ్డాడు. మొదట ఆ చెయ్యి మామూలుగానే ఉంది. తర్వాత బిగుసుకుంది. రుమాలు వచ్చిందన్నమాట. ఆ మాట కూడా వినిపించే ఉంటుంది. కాసేపటికి ఆమె తన మోచెయ్యి ఆయన పట్టులోంచి నెమ్మదిగా విడిపించుకుంది. తాళం తొడకు తగిలింది అప్పుడే అయి ఉంటుంది.

ఆమె గంతలు తానే తీసి బల్ల మీద పెట్టింది. జుట్టు సవరించుకుంది.

"ఎంత భయమేసింది ఆంటీ? ఒకటి నుంచి పది దాకా ఎంత వేసుకోమంటారు?" అంది అమ్మాయి కాగితం తీసి.

చెల్లెమ్మ ఆమె వైపు చూడలేదు. "ఆయన తాళం వెయ్యలేదని నాకు తెలుసన్నయ్యా. నువ్వే కదా లాకరులోంచి తెచ్చిచ్చావు. ఇక్కడ చేరిన ఆర్నెల్లకే తెలిసింది, బోర్డు మీద ఉండాల్సింది లాకరులో ఎందుకుందో. స్విచ్చి కాదు, ఈయన అజాగ్రత్తే అనుకున్నాను. రోజూ పొద్దున్నే తలుపుకి తాళం వేస్తూ ఆయన్నే తిట్టుకున్నాను. పందొమ్మిదేళ్లు చచ్చినవాణ్ణి తిట్టాను."

"చెప్దామనే నిన్న మీ ఇంటికొచ్చానమ్మా. ఈ పిల్ల నన్ను నమ్మించి మోసం..."

"ఆ పిల్ల నీకేమవుతుంది? నిన్నగాక మొన్న వచ్చింది. నువ్వు నాకు అన్నయ్యవి. రోజూ నా చేతి టీ తాగావు." ఆమె గొంతు పెంచలేదు. "నువ్వు తీశావని నా మొహం మీద చెప్తే సరిపోయేదిగా. నీ చేతులు నాకు తొడిగి నాచేత తీయించారు."

అమ్మాయి చేతిలో కాగితం అలాగే ఉండిపోయింది. చెల్లెమ్మ చెప్పులు వేసుకుని క్యాంటీన్ వైపు నడిచింది.

మర్నాడు పదిన్నరకు టీ వచ్చింది. తెచ్చింది చెల్లెమ్మే. కెటిల్ ఒక్కటే ఉంది, మూతపెట్టిన గ్లాసు లేదు. కుర్రాళ్లందరికీ పోసి చివర్న మేస్త్రీ ముందు ఆగింది.

"పంచదార ఎంత వెయ్యమంటారు మేస్త్రీ గారూ?"

ఆయన తలెత్తలేకపోయాడు. "ఒక చెంచా" అన్నాడు.