సగం కట్టిన కనకాంబరాలు

ఉగాదికి ఇంకా నెలపైనే ఉంది. హిందూపురం బయట ఒక నర్సరీవాళ్ళు పాలిహౌస్‌లో పూల ప్రదర్శన పెట్టారట. చూసి రావాల్సిందేనని మా చెల్లెలు ధర్మవరం నుంచి పొద్దున్నే వచ్చి పెనుకొండలో మా ఇంట్లో కూర్చుంది. నేను ఇరవై ఏళ్ళు పూలు కట్టి అమ్మినదాన్ని.

"పూలమ్ముకునేదానికి పూలు చూపిచ్చేకి పిల్చుకొని పోతాండావా? పిచ్చేమన్నా పట్టిందా నీకు?" అన్నాను.

"నువ్వు పూలు ముట్టి ఆర్నెల్లాయె. లెయ్యక్కా, చీర మార్చుకో."

వాదించే ఓపిక లేక లేచాను. అమ్మ పోయినప్పటి నుంచీ నా పనులన్నీ ఇలాగే జరుగుతున్నాయి. పెడితే తింటాను, లెమ్మంటే లేస్తాను. ఏడుపు మాత్రం రాలేదు. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థనకు వచ్చిన చుట్టాలు నన్ను చూసి, గట్టి మనిషి అనుకుంటూ వెళ్ళారు. గట్టితనం లేదు, నా మొహం లేదు. లోపల ఏదీ కదలడం లేదు, అంతే.

బయట అప్పుడే ఎండ చురుక్కుమంటోంది. పాలిహౌస్ లోపల మాత్రం చల్లగా ఉంది. ఒక పక్క గోడంతా నీళ్ళు కారే అట్టలు, ఎదురుగా పెద్ద పెద్ద ఫ్యాన్లు. జెర్బెరాలు, ఆర్కిడ్లు, ఇంకా నోరు తిరగని పేర్లవి ఏవేవో వరుసగా పెట్టారు. జనం వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. పళ్ళెమంత జెర్బెరాను చూసి, దీన్ని ఏ జడలో పెడతారమ్మా అనుకున్నాను. పైకి అంటే చెల్లెలు నవ్వేది. అనబుద్ధి కాలేదు. అన్ని రంగులూ కళ్ళకు కనిపిస్తున్నాయి గానీ ఒక్కటీ లోపలికి దిగడం లేదు.

చివర ఒక మూలలో మన పూలు పెట్టారు. మరువం, చామంతి, ఒక మడి నిండా కనకాంబరం. చెల్లెలు ఇంటికో కుండీ కొంటానని గేటు వైపు వెళ్ళింది. నేను సిమెంటు గట్టు మీద కూర్చున్నాను. కాళ్ళ దగ్గర రాలిన కనకాంబరాలు చాలా ఉన్నాయి. మొక్కలకు ఊతం కట్టగా మిగిలిన దారం ముక్క ఒకటి పక్కనే పడి ఉంది. ఎప్పుడు తీసుకున్నానో తెలియదు, చూసుకునేసరికి నా చేతుల్లో జానెడు మాల ఉంది. చీపురు పట్టుకుని ఊడ్చే ఒకామె దగ్గరికి వస్తే ఉలిక్కిపడి ఆపాను.

"రాలిండేవే గదక్కా, కట్టుకో. ఎట్లాగూ ఊడ్చి పారేసేటివే," అంది ఆమె.

మొదలుపెట్టిన మాలను ముడివేసేదాకా కింద పెట్టకూడదు. ఇది అమ్మ నేర్పిన పద్ధతి. పొయ్యి మీద పాలు పొంగినా సరే, వాకిట్లో ఎవరు పిలిచినా సరే. నడుమ వదిలేస్తే బిగువు చెడి పూలు జారిపోతాయి అనేది. చిన్నప్పుడు ఒకసారి వదిలి ఆటకు పోతే వేళ్ళ మీద కొట్టింది కూడా.

ఆర్నెల్ల కిందట ఆ రోజు నేను దర్గాలో సమాధి మీద కప్పడానికి ఇవ్వాల్సిన పూలచాదర్ కడుతున్నాను. పన్నీరు రోజాలు, తడిపిన అరటినార. సగం అయ్యాయి. ధర్మవరం నుంచి చెల్లెలు ఫోన్ చేసింది.

"అక్కా, అమ్మ నిన్నే అడుగుతాండాది. బిర్న రా."

"ఇది ముడేసి వస్తా," అన్నాను.

అమ్మ నెలల తరబడి చెల్లెలి ఇంట్లో మంచం మీదే ఉంది. అడగడం కొత్త కాదు. గంటసేపు కూర్చుని చాదర్ పూర్తిచేసి, నీళ్ళు చల్లి, తడిగుడ్డ కప్పి, అప్పుడు బస్సెక్కాను. నేను వెళ్ళేసరికి అమ్మ దవడకు గుడ్డ కట్టి ఉంది. "బస్సు లేటయింది" అన్నాను. మళ్ళీ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"అక్కా! రా, బస్సొచ్చింది!" గేటు దగ్గర నుంచి చెల్లెలు కేకేసింది.

మాలను గట్టు మీద వదిలేసి లేచాను. దారం కొస అలాగే వేలాడుతోంది. చెల్లెలు కుండీ చంకన పెట్టుకుని ఎదురొచ్చి, గట్టు వైపు చూసి నిలబడిపోయింది.

"సగమే కట్టి లేసినావే?"

"ఆ పొద్దు బస్సు లేటు గాలేదు," అన్నాను.

"తెలుసులేక్కా. నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుంటే నీ యేళ్ళు రోజాపూల వాసనొచ్చె. యేళ్ళకు తడి నార గూడ అంటుకొనుండె."

కుండీని ఇంకో చంకలోకి మార్చుకుని, నా చెయ్యి పట్టుకుని బస్సు వైపు నడిచింది. వెనక ఆ చీపురు పట్టుకున్న ఆమె గట్టు ఊడుస్తోంది. పిలిచిన వెంటనే లేవడం నాకూ చేతనవునని అప్పుడే తెలిసింది. పిలిచింది మాత్రం అమ్మ కాదు.