క్యాలెండరమ్మ పుట్టినరోజు

హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు మా పత్రికాఫీసులో ఎక్కడా వినబడేది కాదు. ఎడిటరు గారి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరికీ ఆమె క్యాలెండరమ్మే. నాలుగో పేజీలో కుడివైపు అడుగున రోజూ వచ్చే 'ఇదే రోజున' అనే శీర్షిక ఆమెది. ఈ తేదీన ఏ ఓడ మునిగింది, ఏ వంతెన తెరిచారు, ఏ శాస్త్రవేత్త పుట్టాడు, ఏ రాజు పోయాడు. అయిదు ముక్కలు, ఒక్కోటి రెండు వాక్యాలు. పాఠకుల్లో సగంమంది పేపరు తీయగానే ముందు అదే చూసేవాళ్ళు. మిగతా సగం రాశిఫలాలు చూసేవాళ్ళు. మేం కష్టపడి వేసే వార్తలు ఎవరు చదివేవాళ్ళో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను ప్రూఫులు దిద్దేవాణ్ణి. నా పని అక్షరదోషాలు చూడటం వరకే. కానీ నాకు అక్కడితో ఆగే బుద్ధి ఎప్పుడూ లేదు. వాక్యంలో విషయం తప్పుగా ఉందని అనుమానం వస్తే చాలు, పని మానుకుని మరీ పాత సంపుటాలు తిరగేసేవాణ్ణి. ఎదుటివాడి తప్పు దొరికితే ఆ పూట నాకు భోజనం రెండు ముద్దలు ఎక్కువ దిగేది. ఇది గొప్ప గుణమని చాలాకాలం అనుకున్నాను.

క్యాలెండరమ్మ కూర్చునేది కింది అంతస్తులో, పాత పేపర్లు బైండు చేసి పెట్టిన గదిలో. ఒక్కటే కిటికీ, దాని రెక్క సగమే తెరుచుకునేది. బల్ల మీద పన్నెండు చెప్పుల డబ్బాలు, నెలకొకటి. ప్రతి డబ్బాలో రోజుకొక కవరు, ప్రతి కవరులో చీటీలు. ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కవరులో మాత్రం రెండే చీటీలు ఉండేవి. అదేమిటని అడిగితే, నాలుగేళ్ళకోసారి వచ్చే చుట్టానికి ఇంతకంటే ఏం పెడతాం అనేది. ఎవరైనా తమ పుట్టినరోజు చెబితే ఆ కవరు తీసి చూసేది. నేను పుట్టిన రోజున ఎక్కడో జైలు గోడ కూలిందట. నీ నోరు అదుపులో లేకపోవడానికి కారణం దొరికింది నాయనా అని ఆఫీసంతా చాటింది.

అందరి పుట్టినరోజులూ చెప్పే ఆమెకు తన పుట్టినరోజు తెలియదు. కాగితాల్లో ఉన్నది జూలై ఒకటి. బళ్ళో చేర్పించేటప్పుడు హెడ్మాస్టరు అందరికీ వేసినట్టే ఆమెకూ వేసిన తేదీ అది. 'మా క్లాసులో పదిహేడుమందిమి ఒకే రోజు పుట్టాం, మా ఊళ్ళో ఆ రోజు ఎంత హడావుడిగా ఉండి ఉంటుందో' అని నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆ నవ్వు కింద ఏముందో చూసే తీరిక మాకు ఎవరికీ లేకపోయింది.

ఉన్నది ఇది. ఆమె ఇంకా చంటిపిల్లగా ఉన్నప్పుడే తల్లి జ్వరంతో పోయింది. తండ్రి లారీ డ్రైవరు. ఆ ఏడాదే మూడు ఊళ్ళలో మూడు అద్దె గదులు మారిన మనిషి. పసిపిల్లను తీసుకొచ్చి ఆ తల్లిని ఎప్పుడూ చూడని తన అన్నగారి భార్య చేతుల్లో పెట్టి, మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళాడు. రాలేదు. పెద్దమ్మకు తెలిసినదల్లా ఆ రోజు గుమ్మంలో నిలబడి అతను చెప్పిన రెండు మాటలు. ఈ పిల్ల పుట్టిన రోజు వీధి వీధంతా రేడియో దగ్గరుందట. నొప్పులు పడుతున్న తల్లికి ఒక్క మనిషి కూడా తోడు లేదట. ఆమె పెరిగిందంతా ఆ మాట వింటూనే. పెద్దమ్మ చెడ్డది కాదు, కడుపునిండా పెట్టింది, చదివించింది. కానీ కోపం వచ్చినప్పుడల్లా 'నువ్వు పుట్టావని చూసినవాళ్ళు కూడా లేరే తల్లీ' అనేది.

ఏ రోజు? ఆమెకు కావలసింది ఆ ఒక్కటే. అది గుర్తున్నవాళ్ళు తగిలితే ఊరు తెలుస్తుంది, వీధి తెలుస్తుంది, అమ్మను చూసిన కళ్ళు ఎక్కడైనా దొరుకుతాయి. ఇంట్లో పుట్టిన పిల్ల, జననాల పుస్తకంలో ఎవరూ రాయించలేదు. ఏడాది మాత్రం ఒకటి రెండేళ్ళు అటూ ఇటూగా తెలుసు. వీధులకు వీధులు రేడియో చుట్టూ మూగిన రోజులు ఆ రెండేళ్ళలో ఎన్ని ఉంటాయి? పాత సంపుటాలన్నీ తిరగేసి మూడు తేల్చింది. మూడోది గని ప్రమాదం. నేల కింద చిక్కుకున్న తొమ్మిదిమందిని ఎనిమిదో రోజు సాయంత్రం ఒక్కొక్కరినీ ప్రాణాలతో పైకి తీశారు. మార్చి పద్దెనిమిది.

ఇదంతా ఆమె నాకు చివర్న గానీ చెప్పలేదు. ముందే చెప్పి ఉంటే ఎంత బాగుండేదో.

నాకు తెలిసింది ఇది. నేను చేరిన కొత్తలో, ఒక మార్చి నెలలో, గని సంగతి పంతొమ్మిదో తేదీ ముక్కల్లో వచ్చింది. నాకు అనుమానం వచ్చింది. మా పనిలో కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటుంది. సంఘటన జరిగేది సాయంత్రం, పేపరులో పడేది మర్నాడు. పేపరు మీది తేదీయే జరిగిన తేదీ అనుకుని రాసేస్తారు. క్యాలెండరమ్మే ఎంతోమందికి ఈ సంగతి నూరిపోసింది. అలాంటి మనిషి తనే బోర్లా పడిందంటే నా ఆనందం చూడాలి. ఆ ముక్క కొట్టేసి, దాని బదులు ఇంకొకటి పెట్టించి, కిందికి వెళ్ళి చెప్పాను. ఆమె తలెత్తి నన్ను చూసి, 'మంచిపని చేశావు' అంది. ఒక ముక్క వాడినా, కొట్టేసినా మళ్ళీ రెండేళ్ళదాకా వాడకూడదని మా దగ్గర నియమం. రెండేళ్ళ తర్వాత మళ్ళీ అదే ముక్క, అదే తప్పు తేదీ. మళ్ళీ పట్టాను. అక్కా, నీకు వయసు మీద పడుతోంది అని నలుగురి ముందూ అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. సిగ్గుపడిందనుకున్నాను.

ఇంకో రెండేళ్ళు గడిచాయి. ఆ జూన్ ముప్పైకి ఆమె రిటైరు కావాలి. తనది కాని పుట్టినరోజు లెక్కన ఇంటికి పంపిస్తున్నారు. మార్చిలో ఒక మధ్యాహ్నం ప్రూఫు నా బల్ల మీదికి వచ్చింది. పంతొమ్మిదో తేదీ, గని, తొమ్మిదిమంది. ఎర్ర పెన్ను పట్టుకునే మెట్లు దిగాను.

ఆమె నా చేతిలో కాగితం చూసింది.

"ఈసారికి ఉండనీ తమ్ముడూ," అంది.

"తప్పక్కా అది."

"తెలుసు. తప్పని తెలిసే రాశాను."

కుర్చీ చూపించి కూర్చోమంది. అప్పుడు చెప్పింది, పెద్దమ్మ మాట, రేడియో, మూడు తేదీలు, అన్నీ. మిగతా రెండు తేదీలూ నేను రాకముందే చెరి రెండుసార్లు తప్పుగా వేసి చూసిందట. ఉత్తరాలు వచ్చాయి గానీ వాటిలో ఆమెకు కావలసింది లేదు. ఒకేసారి అన్ని తప్పులూ చేస్తే శీర్షిక లాగేసుకుంటారు, అందుకే ఒకదాని తర్వాత ఒకటి. పన్నెండేళ్ళలో ఆమె అచ్చేసిన తప్పులు ఆ నాలుగే. చివరి గాలం ఇది. దాన్ని నీళ్ళల్లో పడకుండా రెండుసార్లు పట్టుకున్నవాణ్ణి నేను.

తప్పు వేస్తే ఏం లాభం అన్నాను. నీ ప్రూఫు బుర్రకి ఇంకా ఎక్కలేదా అంది. నిజమే. శీర్షిక సరిగ్గా ఉంటే ఒక్కడూ కార్డు ముక్క రాయడు. ఒక్క తేదీ తప్పితే మాత్రం ఎక్కడెక్కడి ముసలివాళ్ళూ కళ్ళజోళ్ళు వెతుక్కుంటారు. పైగా ఉట్టి తేదీ రాసి ఊరుకోరు, సాక్ష్యం ఇస్తారు. ఆ రోజే మా తమ్ముడు చెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు కాబట్టి నాకు బాగా గుర్తు అంటారు. ఆ సాక్ష్యాల్లో ఎక్కడైనా ఒక ఆడపిల్ల పుట్టిందేమోనని ఆమె చూస్తోంది.

"నేరుగా ఒక ప్రకటన ఇవ్వచ్చు కదక్కా?"

"ప్రకటన ఇస్తే నాకు ఏది కావాలో అది చెప్పేవాళ్ళు వస్తారు. తప్పు రాస్తే నిజం చెప్పేవాళ్ళు వస్తారు."

పెన్ను జేబులో పెట్టుకుని పైకి వచ్చి, నా జీవితంలో మొదటిసారి ఒక తప్పుకు కావాలని సంతకం పెట్టాను.

వారం రోజుల్లో పద్నాలుగు ఉత్తరాలు వచ్చాయి. ఎడిటరు గారు పిలిచి నాకూ ఆమెకూ కలిపి తలంటారు. ఒక పాఠకుడు మా ఆఫీసుకు కొత్త క్యాలెండరు కొనిపెడతానన్నాడు. పదమూడు ఉత్తరాలు చదివి ఆమె పక్కన పెట్టింది. పద్నాలుగోది చదువుతూ చదువుతూ ఆగి, నా చేతికిచ్చింది.

కుట్టుమెషిన్లు బాగుచేసే ఒకాయన రాశాడు. "అయ్యా, గనిలోంచి మనుషుల్ని తీసింది పద్దెనిమిదో తారీఖు సాయంత్రం. నాకప్పుడు ఆరేళ్ళు. మా నాన్న టైలరు. వీధిలో రేడియో మా షాపులోనే ఉండేది. షాపు వెనక గదిలో ఒక లారీ డ్రైవరు భార్య నొప్పులు పడుతుంటే మా అమ్మ దగ్గరుంది. ఆవిడ అంత బాధలోనూ ఎంతమంది బయటికొచ్చారు, ఎంతమంది బయటికొచ్చారు అని అడిగేదట. మా అమ్మ ముందుకీ వెనక్కీ పరిగెత్తి చెప్పేది. ఆరోవాడు వచ్చాడని చెప్పడానికి వెళ్ళేసరికి ఆడపిల్ల పుట్టేసింది. తర్వాత వాళ్ళు ఇల్లు మారిపోయారు. ప్రతి ఏడూ మార్చి పద్దెనిమిదిన మా అమ్మ ఆ పిల్ల ఎక్కడుందో, ఎన్నేళ్ళొచ్చాయో అని లెక్కపెట్టుకునేది. పోయిన ఆగస్టులో మా అమ్మ కాలం చేసింది. కాబట్టి మీరు తేదీ సరిచేసుకోగలరు."

పోయిన ఆగస్టు. నేను ఎర్ర పెన్నుతో ఆ ముక్క కొట్టేసిన రెండు మార్చి నెలల్లోనూ ఆవిడ బతికే ఉంది. ఆ లెక్క నాకు క్షణంలో తట్టింది. క్యాలెండరమ్మకు నాకంటే ముందే తట్టి ఉంటుంది, తేదీల్లో ఆమెను మించినవాళ్ళు లేరు. నా చేతిలోంచి ఉత్తరం తీసుకుని మార్చి డబ్బాలో పెట్టింది. తిడితే బాగుండునని నేను ఎదురుచూశాను.

ఆ ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. నేను కూడా వస్తానని బతిమాలాను. ఆయన షాపు ముందు భాగంలో విప్పేసిన మెషిన్లు, నూనె వాసన, దారపు కండెలు. ఉత్తరంలో ఉన్న పిల్ల నేనే అని ఆమె చెప్పగానే ఆయన స్టూలు మీంచి లేచి నిలబడిపోయాడు. కూర్చోండమ్మా, కూర్చోండి అంటూ తనే కూర్చోవడం మరిచిపోయాడు. వెనక గది చూపించాడు. నాలుగడుగులు వేస్తే అయిపోయే గది. ఇప్పుడు అందులో విరిగిన మెషిన్ల కాళ్ళు పేర్చి ఉన్నాయి. మంచం ఎటువైపు ఉండేదని ఆమె అడిగింది. గోడవారగా చూపించాడు. ఆ గోడకేసి ఆమె చాలాసేపు చూసింది.

మా అమ్మ ఎలా ఉండేది అని అడిగింది. సన్నగా, పొడుగ్గా ఉండేదని ఆయన చెప్పాడు. మెట్టు మీద కూర్చుని జడ అల్లుకునేదన్నాడు. తనకు ఆరేళ్ళు కాబట్టి అంతకంటే గుర్తులేదన్నాడు. ఆమె తలూపింది. దీనికోసమే ఇంత దూరం వచ్చినట్టు అడిగింది.

"నన్ను చూడగానే మా అమ్మ ఏమంది?"

ఆయన ఆలోచించాడు. నుదురు రుద్దుకున్నాడు.

"ఏదో అందమ్మా. మా అమ్మ ప్రతిసారీ ఆ మాట చెప్పేది, చెప్పి నవ్వేది. ఏటా చెప్పేదే కదా అని నేను ఎప్పుడూ సరిగ్గా వినలేదు." "అమ్మ ఉండుంటే చెప్పేదమ్మా."

నాకు ఆ గదిలో నిలబడే అర్హత లేదనిపించి బయటికి వచ్చేశాను. రోడ్డు మీద సైకిళ్ళు పోతున్నాయి. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. ఊరు దాటేదాకా ఆగి, అక్కా, ఆ పాపం నాదే అన్నాను. నీ పని నువ్వు చేశావులే అంది, బయటికి చూస్తూనే. ఎండ వాలింది. ఆమెకు నిద్ర పట్టిందనుకున్నాను.

"చెప్పి నవ్వేదట కదూ," అంది ఉన్నట్టుండి. "అయితే మంచి మాటే అయ్యుంటుంది."

"మంచి మాటే అక్కా."

మా ఊరు చేరేలోపు ఇంకో రెండుసార్లు అదే అడిగింది. రెండుసార్లూ నేను అదే చెప్పాను.