నేను పడ్డప్పుడల్లా అమ్మ మొక్కిన మొక్కులు

ఎనిమిదేళ్ళలో నాలుగు కుస్తీ కంపెనీలు మారాను. నాలుగింటిలోనూ ఓడిపోవడమే నా ఉద్యోగం. వారమంతా మలేసియాలోని సైబర్‌జయలో ఒక కంప్యూటర్ ఆఫీసులో హెడ్‌ఫోను తగిలించుకుని, ఎవరి ప్రింటరు ఎందుకు పనిచేయడం లేదో వింటూ కూర్చుంటాను. ఆదివారం కౌలాలంపూర్‌లో ఏదో ఒక హాలులో తాళ్ళ మధ్య నిలబడి తన్నులు తింటాను. ఎవరు గెలవాలో ముందే మాట్లాడుకుంటాం. గెలవడానికి మనుషులు బోలెడుమంది దొరుకుతారు. ప్రాణం పోయినట్టు పడటం మాత్రం అందరికీ రాదు, నాకు వచ్చు. గొప్పలు చెప్పుకోవడం కాదుగానీ, ఒకసారి నేను పడితే చూడ్డానికి వచ్చిన నర్సులే లేచి నిలబడ్డారు.

మొదటి కంపెనీ ఒక బ్యాడ్మింటన్ హాలులో నడిచేది. అక్కడ తలపాగా చుట్టి నన్ను మహారాజును చేశారు. మా ముత్తాత విశాఖ వైపు నుంచి ఇక్కడి తోటల్లో రబ్బరు చెట్లు గీయడానికి వచ్చినవాడు. మహారాజు ఎలా నడుస్తాడో మా ఇంటావంటా ఎవరికీ తెలియదు. మా ఆఫీసు మేనేజరు నడిచినట్టు నడిచాను. మెడ విరిగినట్టు పడితే స్ట్రెచర్ మీద మోసుకుపోయారు. మా ఊరు తెలుక్ ఇంటాన్ నుంచి బస్సెక్కి వచ్చిన అమ్మ ముందు వరుసలో కూర్చుని ఏడ్చింది. ఆమెను చూసి పక్కవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, వాళ్ళను చూసి వెనక వరుస. అదంతా నా ప్రతిభే అనుకున్నాను.

రెండో కంపెనీలో నేను జనం ఉద్యోగాలు ఊడగొట్టే కంప్యూటర్ ఆఫీసర్ని. అందుకు కొత్త వేషం అక్కర్లేకపోయింది, నా ఆఫీసు కార్డే మెడలో వేసుకున్నాను. అక్కడ మోకాలు విరిగింది. మూడోదాంట్లో పాములవాణ్ణి. అవతలివాడు కళ్ళలో పిండి కొడితే గుడ్డివాణ్ణయ్యాను. ప్రతిసారీ అమ్మ వచ్చింది, ఏడ్చింది. మూడో కంపెనీ యజమాని ఫోన్ చేసి నేను ఖాళీయేనా అని అడిగేవాడు కాదు, అమ్మ వస్తున్నారా అని అడిగేవాడు. ఆమె కోసం మెత్తటి కుర్చీ కూడా వేయించాడు.

రహస్యం ఇంట్లోవాళ్ళకు కూడా చెప్పకూడదని మాకు పని నేర్పినాయన మొదటి రోజే ఒట్టు వేయించుకున్నాడు. అయినా అమ్మకు తెలిసే ఉంటుందనుకున్నాను. మెడ విరిగినవాడు ఆ సాయంత్రమే రెండు ప్లేట్ల నూడుల్స్ లాగిస్తే ఎవరికి అర్థం కాదు?

అమ్మకు అర్థం కాలేదు. పోయిన శ్రీరామనవమికి ఇంటికి వెళ్ళినప్పుడు, మందిరంలో పానకం పోస్తూ పక్కింటి పిన్ని చెప్పింది. "నీ మెడకని మీ యమ్మ పదకొండు శనివారాలు పస్తున్నాది. మోకాలికని నూట ఎనిమిది ప్రదచ్చినాలు సేసినాది. కళ్ళకైతే తే తారిక్ మానేసినాది, బతికినన్నాళ్ళూ." పానకం గ్లాసు పక్కన పెట్టేశాను. నురగ పొంగే ఆ టీ లేకపోతే అమ్మకు తెల్లవారదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

అసలు చిక్కు వేరే ఉంది. నాలుగో కంపెనీ వాళ్ళు మరుసటి నెలలో నన్ను చంపబోతున్నారు. శవపేటిక పోటీ. ఓడినవాణ్ణి పెట్టెలో పెట్టి మూత వేస్తారు. మెడకే పదకొండు పస్తులున్న మనిషి, చావుకు ఏం మొక్కుతుందో తలచుకోవడానికే భయం వేసింది.

వంటింట్లో నెత్తళ్ళ చేపల తలలు తుంచుతున్న అమ్మ ఎదుట కూర్చుని అంతా చెప్పేశాను. నమ్మలేదు. గచ్చు మీద రెండుసార్లు దబ్బున పడి చూపించాను.

"మెడకేటీ అవలేదా?" అంది.

"అవలేదమ్మా."

"మోకాలికి?"

"అవలేదు."

"అయితే నాను ఉత్తినే పస్తున్నానేటిరా?"

ఇకనైనా టీ తాగమన్నాను.

"రాముడికి ఇచ్చేసినాను లా. నువ్వు అబద్దమాడినావని నాను కూడా ఆడాలేటి?" అని, ఇక్కడి అందరిలాగే మాటకు ‘లా’ తగిలించి, మళ్ళీ నెత్తళ్ళలో పడింది. ఇంకో నాలుగు తలలు తుంచి, "పెట్టిలో పెడితే గాలి ఆడతాదా?" అని అడిగింది. మూడు నిమిషాల్లో తీసేస్తారని చెప్పాను. "అయితే వస్తాను" అంది.

శవపేటికను చేసింది వంటింటి అలమారాలు చేసే వడ్రంగి. తన పనితనం చూపించుకోవాలని, చంటిపిల్లలు తెరవకుండా అలమారాలకు పెట్టే గొళ్ళెం ఒకటి దానికీ బిగించాడు. మాకెవరికీ చెప్పలేదు. మూత పడింది, నా కుడి బొటనవేలు మీద. వేలు లోపలికి లాక్కున్నాను, బయట గొళ్ళెం దానంతటదే పడిపోయింది.

లోపల వేడి. నిజంగా ప్రమాదమైతే అరవడానికి మాకొక గుర్తు మాట ఉంది. అది మరిచిపోయాను. "అమ్మా" అని అరిచాను. ఎనిమిదేళ్ళుగా పడ్డ ప్రతిసారీ అదే అరిచినవాణ్ణి, ఎవరు పట్టించుకుంటారు? మూత సందులోంచి అమ్మ గొంతు వినిపించింది. పక్కావిడతో నింపాదిగా చెబుతోంది.

"మావోడు బాగా సేస్తన్నాడు. అంతా ముందే మాటాడుకున్నదే లా."

పక్కావిడ నవ్వింది, తర్వాత వరుసంతా. నేను తన్నేకొద్దీ నవ్వు పెరిగింది. నన్ను చంపినవాడు మర్యాదస్తుడు, వారమంతా బడిలో లెక్కలు చెబుతాడు. ఫోటో కోసం మూత మీద కూర్చున్న అతనికి నా కాళ్ళ తాకిడి తేడాగా తోచి, తడిమి గొళ్ళెం తీశాడు. నేను చెమటతో, నీలిరంగు మొహంతో లేచి కూర్చున్నాను. అమ్మ చప్పట్లు కొట్టింది. నా కుస్తీకి ఆమె కొట్టిన మొదటి చప్పట్లు అవి. తర్వాత కంపెనీ యజమాని వేషాల గదిలోకి వచ్చి, వేలు చూపిస్తున్నా చూడకుండా, ఒక్క కన్నీటి చుక్క లేదు, మీ అమ్మకు ఏమైంది అని నా మీద విరుచుకుపడ్డాడు.

సాయంత్రం అమ్మను బస్సు ఎక్కించే ముందు హోటల్లో అన్నం తినడానికి కూర్చున్నాం. నేను ఎడమచేత్తో చెంచా పట్టుకున్నాను. అమ్మ నా కుడిచెయ్యి బల్ల మీదికి లాగింది. వేలు నల్లగా, రెండింతలు ఉబ్బి ఉంది.

"ఇదీ ఉత్తిదేనా?"

"అవునమ్మా. రంగు."

ఆమె మెల్లగా నొక్కింది. పళ్ళు బిగబట్టాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏడుపు కూడా బాగా నేర్సినావు" అంది. నా కంచం దగ్గరికి లాక్కుని, అన్నం కలిపి, అంతమంది మధ్య నా నోట్లో పెట్టింది. ముప్పై నాలుగేళ్ళవాణ్ణి, బుద్ధిగా తిన్నాను.

బస్సు బయలుదేరుతుంటే కింద నిలబడి కిటికీలోకి చూశాను. అమ్మ కళ్ళు మూసుకుని చేతులు జోడించింది, పెదవులు కదులుతున్నాయి. ఈసారి ఏం మానేసిందో నేను అడగలేదు. ఒక్కటి మాత్రం తెలుసు, ఆ మొక్కు ఉత్తినే పోలేదు.