మా అక్క మనవరాలి పేరు మిరియాల

ఈ రోజు ధర్మవరంలో మా అక్క మనవరాలిని తొట్లో వేశారు. పేరు పెట్టే వేళకు అక్క కొడుకు పళ్లెంలోని బియ్యం మీద ఉంగరంతో "మిరియాల" అని రాశాడు. చుట్టాలందరం మెడలు చాచి చూశాం. అది కోడలి పుట్టింటివాళ్ల ఇంటిపేరు. ఆమె ఒక్కతే కూతురు. ఆ పేరు తనతో ఆగిపోకూడదని మొగుడూ పెళ్లాలు కలిసే అనుకున్నారట.

అప్పుడు మా అక్క ముఖం చూడాల్సింది. ఆ ఇంట్లో పాలు పొంగినా, కూరలో ఉప్పు ఎక్కువైనా, "మిరియాలోళ్ల బుద్ధులు యాడికి పోతాయి!" అనడం ఆమెకు అలవాటు.

"ఇంటిపేరు తెచ్చి బిడ్డకు పెడతారా యాడన్నా?" అని అక్క అందరి ముందే అడిగింది.

"దినామూ మీ నోట్లో ఆడే పేరే కదత్తా! మీరు కొత్తగా నేర్చుకునే పనుండదని పెట్టినాం" అంది కోడలు, నవ్వుతూనే.

కోడలి తండ్రి పక్కకు తిరిగి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. అవి నవ్వుతో వచ్చిన నీళ్లేనా అని నేను అడగలేదు.

భోజనాలయ్యాక పాప అక్క పట్టుచీర తడిపేసింది. "మిరియాలోళ్ల..." అని అందుకున్న అక్క, ఒళ్లో ఉన్నదాన్ని చూసి ఆగిపోయింది. "పోనీలే నా మిరియాలా, చీరదేముండాది" అంది.

మీ ఇళ్లలో ఏ ఇంటిపేరు తిట్టుగా చలామణీ అవుతోందో చెప్పండి. మా ఇంట్లో నా సొంత కోడలికి ఇప్పుడు ఏడో నెల. వాళ్ల ఇంటిపేరు ఎత్తడం నేను ఈ సాయంత్రం నుంచే మానేశాను.