అన్నదమ్ముల మేడలో మా మగ్గం

మేం అద్దెకున్న మేడ ఇప్పుడు లేదు. కూచిపూడి నుంచి బందరు వెళ్ళేవైపు ఒక ఊళ్ళో, కాలవ పక్కన ఉండేది. అప్పట్లో ఆ ఊరికి పైఅంతస్తున్న ఇల్లు అదొక్కటే. టేకు దూలాలు, గచ్చు నేల, మూరెడు మందం గోడలు. అలాంటి ఇంట్లోకి మా నేత కుటుంబం ఎలా చేరిందో చెప్పాలంటే ముందు ఆ ఇంటి అన్నదమ్ముల తగాదా చెప్పాలి.

మేడ కట్టింది వాళ్ళ నాన్న. ఆయన్ని నేను చూడలేదు. ఆయన పోయాక ఊరి పెద్దమనుషులు కూర్చుని ఇంటిని నిలువునా రెండు వాటాలు చేశారు. దక్షిణం సగం పెద్దకొడుక్కి, ఉత్తరం సగం చిన్నకొడుక్కి. మెట్లు మాత్రం ఒకటే వరస, అవి ఉత్తరం వైపు పడ్డాయి. ఇద్దరూ వాడుకోమన్నారు. ఆ వాడుకోవడం దగ్గరే తగాదా వచ్చింది. మెట్ల మీద కావాలని వడ్ల బస్తాలు పెట్టారని ఒకరు, కావాలని వాటిని తన్నుకుంటూ ఎక్కారని ఇంకొకరు. మాటామాటా పెరిగింది. పెద్దాయన పైన తన గదికి తాళం వేసుకుని కిందికి దిగి, "నీ మెట్లు నాకక్కర్లేదు పో" అని హాలు మధ్యలో ఇటుక గోడ పెట్టించేశాడు. దాంతో ఆయన గదికి ఆయనకే దారి లేకుండా పోయింది. కొన్నాళ్ళకి సంసారాన్ని విజయవాడ మార్చి ఎరువుల వ్యాపారంలో పడ్డాడు.

ఆ ఖాళీ సగంలోకి మేం వచ్చాం. మా నాన్నది గుంట మగ్గం. నేత నేసేవాడు కాళ్ళు పెట్టుకోవడానికి నేలలో గుంట తవ్వాలి. అందుకే మాకు ఎవరూ ఇల్లిచ్చేవాళ్ళు కాదు. పెద్దాయన్ని అడగడానికి నాన్న విజయవాడ వెళ్ళాడు. ఆయన గుంట గురించి ఏమీ అనలేదట.

"చప్పుడొస్తుందా?" అని అడిగాడట.

"పొద్దస్తమానం వస్తుందండీ. అబద్ధమెందుకు."

"అయితే తవ్వుకో."

నాన్న ఈ మాట చెప్పి నవ్వేవాడు. అమ్మకి మాత్రం నవ్వొచ్చేది కాదు. పక్కవాటా వాళ్ళ మీద కోపంతో మనల్ని తెచ్చి పెట్టారని ఆవిడ బాధ. చిన్నాయన మాతో మాట్లాడేవాడు కాదు. ఎదురుపడితే పక్కకి చూసుకుంటూ పోయేవాడు. ఆయన భార్యని మేం చిన్నమ్మగారు అనేవాళ్ళం. ఆవిడ ఒకరోజు పెరటి గోడ మీద నుంచి అమ్మని పిలిచింది.

"ఏమ్మా, మధ్యాహ్నం ఒక్క గంట ఆపమనమ్మా మీ ఆయన్ని. పిల్ల నిద్రపోవట్లేదు."

నాన్న ఆపాడు. ఆ రోజు నుంచి మధ్యాహ్నం మగ్గం ఆగేది. పెరటి గోడ మీదుగా కూర గిన్నెలు అటూ ఇటూ తిరగడం మొదలైంది. చిన్నాయన మాత్రం అలాగే ఉన్నాడు.

తుఫాను వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, తమ్ముడు చంకపిల్లాడు. ఎండాకాలం సెలవులు. పొద్దున్నుంచీ గాలి ఒకటే రొద. మధ్యాహ్నం కాలవ గట్టు తెగింది. ఆ సంగతి మాకు మొదట మగ్గం గుంట చెప్పింది. అడుగున నీళ్ళు ఊరి, మేం చూస్తుండగానే పైదాకా వచ్చేశాయి. నాన్న మగ్గం మీద సాగదీసి ఉన్న పడుగు నూలు కోసి భుజాన వేసుకున్నాడు. అమ్మ మంచం మీద మంచం ఎక్కించి మమ్మల్ని కూర్చోబెట్టింది. వీధిలోకి దిగే వీల్లేదు. గడప అవతల నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి, ఎవరిదో దూడ కొట్టుకుపోతోంది. ఇంట్లో నీళ్ళు నాన్న నడుం దాటాయి. మాకు మెట్లు లేవు.

అప్పుడు గోడ అవతల నుంచి దబదబా చప్పుడు.

"గోడకి దూరంగా జరగండి! పిల్లల్ని జరపండి!"

చిన్నాయన మాతో అన్న మొదటి మాట అదే. గునపంతో పొడుస్తుంటే ముందు సున్నం రాలింది, తర్వాత ఇటుకలు నీళ్ళలో పడ్డాయి. కిటికీ అంత కంత పడగానే ఆయన చెయ్యి లోపలికొచ్చింది. ముందు తమ్ముణ్ణి, తర్వాత నన్ను లాక్కున్నాడు. ఇటుక అంచు గీరుకుని నా మోచెయ్యి చీరుకుపోయింది. అమ్మా నాన్నా దూరేలా కంత ఇంకా పెద్దది చేశాడు.

పైన అప్పటికే సగం వీధి ఉంది. చిన్నాయన గదిపైన పెంకులు ఎగిరిపోతున్నాయి. జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు. ఆయన అన్నయ్య తాళం వేసిన తలుపు వైపు చూసి, అదే గునపంతో తాళం విరగ్గొట్టాడు. లోపల పావురాలు ఒక్కసారి లేచాయి. వాళ్ళ అమ్మ బతికున్నప్పుడు పడుకునే పట్టెమంచం ఉంది, దుమ్ము పట్టిపోయి. చిన్నాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. చిన్నమ్మగారు ఆయన్ని పక్కకి జరిపి, నెలల పిల్లతో ఉన్న ఒక బాలింతని తీసుకెళ్ళి ఆ మంచం మీద కూర్చోబెట్టింది. మా వీధిలో ఎవరూ పోలేదు.

నీళ్ళు తీశాక పెద్దాయన వచ్చాడు. బస్సులు ఊరిదాకా రావట్లేదు. మోకాళ్ళ దాకా బురదతో, చేతిలో రొట్టెల సంచీతో నడుచుకుంటూ వచ్చాడు. సంచీ అమ్మకిచ్చి, హాల్లోకొచ్చి కంత చూశాడు.

"ఎవరు పగలగొట్టారయ్యా ఇది?"

"చిన్నాయనగారండీ. లేకపోతే మేం ఉండేవాళ్ళం కాదు" అన్నాడు నాన్న.

"నన్నడిగాడా?"

చిన్నాయన కంతకి అవతలే ఉన్నాడు. ఇద్దరి మధ్యా నాలుగడుగుల దూరం ఉండదు. అయినా నాన్నతోనే అన్నాడు.

"ఆయన్ని అడగడానికి బెజవాడ పోయొచ్చేసరికి పిల్లలు పోయేవాళ్ళని చెప్పు."

"పైన తాళం కూడా పగలగొట్టాడేమో అడుగు."

"పగలగొట్టానని చెప్పు."

నాన్న ఆ ముఖం ఈ ముఖం చూస్తూ మధ్యలో నిలబడ్డాడు. చిన్నమ్మగారు టీ గ్లాసు పట్టుకొచ్చి కంతలోంచి చాపింది.

"బావగారూ, గోడ సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు టీ తాగండి. తాగి పైకెళ్ళి అత్తయ్యగారి గది చూసుకోండి. నేనే తుడిచాను."

ఆయన టీ తాగాడు. తల వంచి కంతలోంచి అటు వెళ్ళి మెట్లెక్కాడు. చాలాసేపటికి దిగొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. చిన్నాయనతో మాట్లాడలేదు. వెళ్ళిపోతూ నాన్నతో, "ఆ కంత పూడ్పించకు" అన్నాడు.

ఆ కంతకి అమ్మ గోనెసంచి తెర కట్టింది. తర్వాత నుంచి పెద్దాయన అప్పుడప్పుడూ వచ్చి ఆ తెర తొలగించుకుని వెళ్ళి, తమ్ముడింట్లో భోంచేసేవాడు. వడ్డించేది చిన్నమ్మగారు. అన్నదమ్ములిద్దరూ వానల గురించీ పురుగుమందుల గురించీ గాల్లోకి చూస్తూ మాట్లాడుకునేవాళ్ళు. మా ఇంట్లో మేం నవ్వు ఆపుకునేవాళ్ళం.

మేడ మాత్రం నిలబడలేదు. పునాది కింద మట్టి మెత్తబడి, దక్షిణం గోడ నెమ్మదిగా ఒరిగింది. మగ్గం గుంట వైపు నుంచే పగుళ్ళు లేచాయి. మేస్త్రీ వచ్చి చూసి, మనుషులుండకూడదన్నాడు. నాన్నకి అది చాలా కష్టంగా ఉండేది. తను తవ్వబట్టే ఇలా అయిందని పెద్దాయనతో అన్నాడు కూడా. "నేను తవ్వుకోమన్నాను, నువ్వు తవ్వావు. ఊరుకో" అన్నాడాయన.

కూల్చేటప్పుడు మేం అక్కడే ఉన్నాం. దూలాలు దించారు, పావురాలు రెండు రోజులు ఎదురింటి డాబా మీదే కూర్చున్నాయి. నేల చదును చేశాక సరిహద్దు రాళ్ళు పాతడానికి మనిషి వచ్చాడు. పెద్దాయన అతన్ని ఆపి తమ్ముడి వైపు తిరిగాడు.

"ఇక్కడేం వేద్దాంరా?"

చిన్నాయన కాలితో ఆ మట్టిని కదిపి చూశాడు. తర్వాత, "కొబ్బరి వేద్దాం అన్నయ్యా" అన్నాడు. రాళ్ళు పాతలేదు.

మేం విజయవాడ వచ్చేశాం. నాన్న వన్‌టౌన్‌లో బట్టల కొట్లో పనికి కుదిరాడు. తర్వాత్తర్వాత నేను చిన్న చీరల షాపు పెట్టుకున్నాను. అన్నదమ్ములిద్దరూ కాలం చేశారు. కొబ్బరి తోట కూడా పోయింది. వాళ్ళ పిల్లలు ఆ స్థలం చేపల చెరువుకిచ్చారు. ఒకసారి పెళ్ళికెళ్తూ ఆ గట్టు మీద దిగి చూశాను. మేడ ఎక్కడుండేదో పోల్చుకోలేకపోయాను.

చిన్నమ్మగారు ఇప్పుడు కూతురి దగ్గర, విజయవాడలోనే ఉంటున్నారు. మొన్న షాపుకొచ్చారు. ఆ మేడ ఇప్పుడుంటే ఎంత బాగుండేదో అన్నాను.

"ఏం బాగులేమ్మా. వంటింట్లో పొగ పోయే దారే లేదు. పదిహేనేళ్ళు దగ్గుతూ వండాను. కట్టినాయన గొప్పగానే కట్టాడు, ఎప్పుడైనా వండాడా?"

నేను గట్టిగా నవ్వేశాను. ఆవిడా నవ్వి, రెండు నేత చీరలు తీయించుకుని, అంచు బాగా లేదని ఒకటి మార్పించుకున్నారు. ఆటో పిలిచి ఎక్కించి వచ్చాను.