పేడకు జ్వరమొచ్చిన పొద్దు

ఆ రోజుల్లో నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. తొమ్మిదో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చేసినవాడికి ఆ ధీమా కాస్త ఎక్కువే ఉంటుంది. తెలియనివి ఎన్ని ఉన్నాయో చెప్పే చోటికి వెళ్లడం మానేశాడు కదా! గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనక నాలుగు మంచాలు పట్టేంత జాగా ఉండేది. అందులో ఇంటికి ఏడాది పొడవునా సరిపడా కూరగాయలు పండిస్తానని ఒకరోజు ప్రకటించాను. అమ్మ నవ్వింది. బాపు నవ్వలేదు. (భూగర్భ గనిలో ముప్పయ్యేళ్ల సర్వీసు, ఒక్క రిమార్కు లేదు, రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలే.) "ఏమన్న జేస్కో గని, కంపెనీ క్వార్టరుకు నష్టం గావద్దు. పొయ్యేముందట నా పేరు ఖరాబు జెయ్యకు," అన్నాడు.

నాకీ పిచ్చి పెద్దపల్లిలో అంటుకుంది. అక్కడ పెరటి సాగు మీద రెండు రోజుల శిక్షణ పెట్టారు. మొదటి రోజు ఒక సారు, మడిని రెండడుగుల లోతు గుల్ల చేస్తే వేర్లు పక్కలకు పాకకుండా కిందికి దిగుతాయని, అప్పుడు మొక్కల్ని దగ్గర దగ్గరగా పెట్టుకోవచ్చని, ఆకులూ పేడా కుప్ప వేసి మగ్గబెట్టిన ఎరువు తప్ప ఇంకేమీ అక్కర్లేదని చెప్పాడు. ఆ ఎరువు సంగతి వివరంగా రెండో రోజు. మొదటి రోజు భోజనంలో కోడికూర. రెండో రోజు పప్పూ పచ్చిపులుసూ అని వంటాయన అనగానే నాకు సబ్జెక్టు మొత్తం అర్థమైపోయి బస్సెక్కేశాను. చేతిలో వాళ్లిచ్చిన కాగితం ఉంది: ఎండాకులు ఒక వరస, పచ్చాకులు ఒక వరస, పేడ ఒక వరస. చదవడం వచ్చు కదా, ఇంక సారెందుకు?

మడి తవ్వడానికి బాపే దిగాడు. రెండడుగులు చాలంటే "గింతేనా? దీన్ని తవ్వుడంటరా, గోకుడంటరా?" అని వెక్కిరించాడు. నేను ఛాతీ ఎత్తు కుప్ప వేశాను. అయితే కాగితంలో లేని తెలివి ఒకటి సొంతంగా కలిపాను. మంచి నేల నల్లగా ఉంటుందని విన్నాను. నల్లటి సరుకుకు మా ఊళ్లో కొదవా? పొయ్యి కోసం దాచిన బొగ్గులో మిగిలిన పొడి బస్తాడు, ఎవరికీ చెప్పకుండా కుప్ప నడుమ పోసేశాను.

వారం తిరక్కముందే, చలి పొద్దున, ఫస్ట్ షిఫ్టుకు తయారవుతున్న బాపు వేపపుల్లతో పెరట్లోకి వెళ్లి ఒక్క అరుపు అరిచాడు. కుప్ప మీంచి తెల్లగా పొగ. అందులో గుచ్చిన గడ్డపార పీకబోయి, చురుక్కుమని వదిలేశాడు. బొగ్గు ఒకచోట కుప్పపడితే ఎవరూ అంటించకుండా తనంతట తానే వేడెక్కి రాజుకుంటుందని మా బొగ్గుగనుల బెల్టులో పసిపిల్లలకు కూడా తెలుసు.

"దీంట్ల ఏమేం ఏసినవ్‌రా?"

"ఆకులు బాపూ... పేడ..."

"ఇంకా?"

"బస్తెడు బొగ్గుపొడి."

బాపు మొహంలో ముప్పయ్యేళ్ల సర్వీసు తెల్లబోయింది. "క్వార్టర్‌ల మంట పెట్టిన అని రాస్తర్రా నా మీద! నీళ్లు గాదు, ఇసుక తే! గాలి ఆడకుంట మూసెయ్యాలె, జల్ది!" మూడిళ్ల అవతల ఉండే అక్క గోడ కట్టడానికి తెప్పించుకున్న ఇసుకను తట్టలతో మోసి కుప్ప మీద గుమ్మరించాం. ఈలోపు మా క్వార్టర్ల వరసంతా ఖాళీ. గ్యాసు సిలిండర్లు రోడ్డెక్కాయి. (ఆ అక్క మాత్రం ముందు టీవీ మోసుకొచ్చి, తర్వాత మొగుణ్ణి లేపింది.) నేను తట్ట మోస్తూ, బాపు కొలువు పోతే ఎక్కడికి పారిపోవాలా అని ఊళ్లు లెక్కపెడుతున్నాను. నస్పూర్ అయితే మరీ దగ్గర, దొరికిపోతాను.

అప్పుడొచ్చాడు పక్కింటి చాచా. గనిలో గాలీ పైకప్పూ పరీక్షించే సర్దారుగా చేసి రిటైరైన మనిషి. గాలి పరీక్షించే మిషన్ల కంటే ఆయన ముక్కు మీదే ఎక్కువ నమ్మకం మా వాళ్లకు. కుప్ప మీద వంగి, కళ్లు మూసుకుని వాసన పీల్చాడు. ఇసుక పక్కకు తోసి చెయ్యి లోపల పెట్టి, పిడికెడు తీసి బాపు ముక్కు కింద పెట్టాడు.

"బొగ్గు రాజుకుంటే కిరోసిన్ లెక్క వాసనొస్తది తమ్మీ. గిదేమొస్తాంది చెప్పు?"

"...పేడ."

"పేడనే! మగ్గుతాంటె గిట్లనే కాగుతది. నీ పేడకు బుఖార్ వచ్చింది, ఫికర్ లేదు! వ్యవసాయం ఇంట్ల పుట్టినవ్, పెంటకుప్పల ఎన్నడు చెయ్యి పెట్టలేదా?"

బాపు ఇసుక మీద కూలబడి, ముందు చిన్నగా, తర్వాత కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాడు. "గనిల దిగి ముప్పయ్యేండ్లాయె భాయ్. ఆవిరి జూసినా పొగలెక్కనే కండ్లవడ్తది." తర్వాత నా వీపు మీద ఒక్కటిచ్చి (అందులో సగం ప్రేమే అనుకుంటాను) డ్యూటీకి వెళ్లిపోయాడు. టైముకే అందాడు. రిమార్కు లేకుండానే రిటైరయ్యాడు.

మరుసటి శిక్షణకు నేను మళ్లీ వెళ్లి, పప్పూ పచ్చిపులుసూ తిని, రెండో రోజు చివరిదాకా కూర్చున్నాను. "కుప్ప వేడెక్కుతుంది, భయపడకండి," అన్నది సారు చెప్పిన మొదటి మాట. బొగ్గుపొడి అక్కర్లేదని కూడా అక్కడే తెలిసింది. ఇంటికొచ్చి కుప్పలోంచి ఆ పొడి ఏరలేక ఏడ్చాను. ఇసుక మాత్రం మా జిగట మట్టిలో కలిసి మేలే చేసింది. ముల్లంగి అంత తిన్నగా దిగడం మా వరసలో ఎవరూ చూడలేదు. అక్క ఇసుక బాకీ కింద నెలల తరబడి ముల్లంగే తిని, చివరికి "తమ్మీ, నీ కాళ్లు మొక్కుత, ఇసుక మాఫీ," అంది.

ఇప్పుడు వేరే పెరడు, పెద్ద కుప్ప. చలి పొద్దున ఆవిరి లేస్తే నా కాళ్లు ఇప్పటికీ ఒక అడుగు వెనక్కే వేస్తాయి. బాపు మాత్రం చాయ్ గ్లాసు గట్టు మీద పెట్టి, రెండు చేతులూ కుప్పలో దూర్చి కాచుకుంటాడు. "రారా, ఎచ్చగుంది," అంటాడు. వెళ్లి పక్కన నేనూ పెడతాను, ఆ రోజు కోడికూర తిని బస్సెక్కేసిన పోరగాడు గుర్తొచ్చి నవ్వుకుంటూ.